దారి లాభం: కెనడా ఉత్తరాది పల్లెల్లో నార్త్ వెస్ట్ కంపెనీ ఆదాయం, విస్తరణ – ఒక పునఃపరిశీలన

మారుమూల దుకాణం మీద రాసినవాళ్లలో ఎక్కువమంది ధర చీటీ దగ్గర మొదలుపెట్టి ధర చీటీ దగ్గరే ఆగిపోయారు. నునావుట్ ప్రాంతపు రాజధాని ఇకాలూట్‌లో పాల డబ్బా ఎంత, అదే డబ్బా ఒట్టావాలో ఎంత, ఆ తేడాలో కిరాయి పోను కంపెనీకి మిగిలిందెంత – ప్రశ్నల వరస ఎప్పుడూ ఇదే. కెనడా ఉత్తరాదిలో సరుకులమ్మే నార్త్ వెస్ట్ కంపెనీ గురించి గత పదిహేనేళ్లలో వచ్చిన పరిశోధన దాదాపు ఈ వరసలోనే నడిచింది. చదివిన ప్రతిసారీ నాకు ఏదో వెలితి తోచేది. ఆ వెలితి ఏమిటో పుస్తకాల్లో దొరకలేదు, ఒక పల్లెలో దొరికింది.

ఉత్తర మానిటోబాలోని ఒక ఫస్ట్ నేషన్స్ పల్లెకు ఫిబ్రవరిలో వెళ్లాను. సరస్సులు గడ్డకట్టాక వాటి మీదుగా లారీలు తిరిగే రోజులవి. ఏడాది మొత్తంలో ఆ ఊరికి రోడ్డంటూ ఉండేది ఆ కొద్ది వారాలే. మిగతా కాలమంతా విమానమే దిక్కు. ఊళ్లో పెద్ద దుకాణం ఒక్కటే. పిండి, మాంసం, చంటిపిల్లల డయపర్లు, స్నోమొబైల్ విడిభాగాలు, చెక్కు మార్చుకునే కౌంటరు అన్నీ ఒకే కప్పు కింద. ధరలు రాసుకుందామని నోటుపుస్తకం పట్టుకుని నిలబడ్డాను. నా చుట్టూ ఉన్నవాళ్ల మాటల్లో ధర ఊసు పెద్దగా లేదు. మంచు ఎంత మందాన ఉంది, ఏ సరస్సు దగ్గర లారీ ఆగింది, ఈ వారం ఎండ కాస్తే దారి ఎన్నాళ్లు నిలుస్తుంది – అందరి ధ్యాసా దారి మీదే. ఆ ఊరివాళ్లకు తెలిసిన ఈ సంగతి మా పరిశోధకులకు ఎందుకు పట్టలేదన్న ప్రశ్నతోనే తిరిగొచ్చాను.

నా ప్రతిపాదన ఇది. నార్త్ వెస్ట్ కంపెనీకి సరుకు మీద వచ్చేది కూలి మాత్రమే. అసలు లాభం దారి మీద వస్తుంది. సరుకు ఊరు చేరే తోవను, ప్రభుత్వ సొమ్ము ఊరు చేరే తోవను – రెండింటినీ ఒకే కౌంటరు దగ్గర కలపగలగడమే ఆ కంపెనీ బలం. అలా పుట్టే ఆదాయాన్ని ఈ వ్యాసంలో ‘దారి లాభం’ అంటున్నాను.

వదిలించుకున్న కొమ్మ

1670లో రెండో చార్లెస్ రాజు ఇచ్చిన పట్టాతో పుట్టిన హడ్సన్స్ బే కంపెనీ, దానికి పోటీగా 1779లో మాంట్రియల్ వర్తకులు కట్టిన నార్త్ వెస్ట్ కంపెనీ, 1821లో రెండింటి విలీనం – ఇదంతా తెలిసిన చరిత్రే. ఈ చర్చకు కీలకమైన ఏడాది 1987. నగరాల్లోని డిపార్ట్‌మెంట్ స్టోర్లను విస్తరించే క్రమంలో అప్పుల్లో కూరుకున్న హడ్సన్స్ బే కంపెనీ, తన ఉత్తరాది విభాగాన్ని, అంటే 170కి పైగా దుకాణాలను, ఆ విభాగం నిర్వాహకులు, మదుపరులు కలిసిన ఒక బృందానికి అమ్మేసింది. కొన్న బృందం 1990లో పాత ప్రత్యర్థి పేరునే తిరిగి నిలబెట్టింది. అమ్మినవారి లెక్కలో అది మంచులో కూరుకుపోయిన పెట్టుబడి. భవిష్యత్తంతా నగరంలో ఉంది.

భవిష్యత్తు వేరేలా తేల్చింది. 2025 మార్చిలో హడ్సన్స్ బే కంపెనీ అప్పులవాళ్ల నుంచి రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. జూన్ 1న చివరి దుకాణాల తలుపులు మూసింది. అదే ఏడాది జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో నార్త్ వెస్ట్ కంపెనీ అమ్మకాలు సుమారు 257 కోట్ల కెనడా డాలర్లు. మాను కూలింది, నరికి పారేసిన కొమ్మ వేళ్లూనుకుంది. టొరంటో నడిబొడ్డున ఉన్న దుకాణం వాల్‌మార్ట్‌కు, ఆన్‌లైన్ అమ్మకాలకు ఎదురు నిలవలేకపోయింది. ఉత్తరాది దుకాణానికి దూరమే కంచె అయింది.

ఆ కంచె విలువను మదుపరులు త్వరగానే గుర్తించారు. 1997లో కంపెనీ ఆదాయ ట్రస్టుగా మారింది. 2011 జనవరి 1న తిరిగి మామూలు వాటాల సంస్థ అయింది. ఏటా ఒకే తీరున నగదు చేతికొచ్చే వ్యాపారానికే ఆదాయ ట్రస్టు రూపం నప్పుతుంది. గనులో, చమురు గొట్టాలో, అద్దె భవనాలో ఉన్నవాళ్లు ఎంచుకునే రూపమది. చలి, చీకటి, డీజిల్ కరెంటు, ఏడాదికొకసారి వచ్చే ఓడ – ఇన్ని ఇబ్బందుల మధ్య పచారీ సరుకులమ్మే సంస్థ ఆ రూపం తొడుక్కోగలిగిందంటే, దాని ఆదాయానికి ఆధారం వర్తక నైపుణ్యం ఒక్కటే కాదని అప్పుడే గ్రహించి ఉండాల్సింది. ఇటీవలి లెక్కల్లో ప్రతి 100 డాలర్ల అమ్మకం మీద ఈ కంపెనీకి నికరంగా 5 డాలర్లకు పైగా మిగులుతోంది. దేశంలోకెల్లా పెద్ద కిరాణా సంస్థ లాబ్లాకు మిగిలేది 3, 4 డాలర్ల మధ్య. కష్టమైన చోట అమ్మేవాడికి తేలికైన చోట అమ్మేవాడికంటే ఎక్కువ మిగలడం వింత. ఆ వింతను విప్పడమే ఇక్కడి పని.

లీ, గాలొవేలతో తగువు

ఉత్తరాది ఆహార రాయితీ మీద ఈమధ్య అందరూ ఉదహరించే అధ్యయనం నికొలస్ లీ, ట్రేసీ గాలొవేలది. 2023లో ప్రచురితమైన ఆ పనిలో వాళ్లు ‘న్యూట్రిషన్ నార్త్ కెనడా’ పథకం రాయితీ రేట్లు మారినప్పుడు ధరలు ఎంత మారాయో కొలిచారు. ప్రభుత్వం ఇచ్చిన ప్రతి డాలరులో సగటున 67 సెంట్లే కొనేవాడిని చేరుతున్నాయనీ, ఒక్క దుకాణమే ఉన్న ఊళ్లలో ఆ వాటా ఇంకా తక్కువనీ తేల్చారు. ఆ అంకె పత్రికలకెక్కింది, చట్టసభల దాకా వెళ్లింది. వాళ్ల కొలత మీద నాకు పేచీ లేదు. కొలవడానికి వాళ్లు ఎంచుకున్న చోటు మీదే పేచీ.

మొదటిది. వాళ్ల దృష్టిలో ప్రతి ఊరూ ఒక విడి మార్కెట్టు: ఒక దుకాణమా, రెండు దుకాణాలా అన్నదే తేడా. కంపెనీ తన వ్యాపారాన్ని అలా చూసుకోదు. విన్నిపెగ్ గోదాములో సరుకు నింపుకున్న విమానం ఏ ఊరి మీదుగా ఏ ఊరికి పోతుంది, తిరుగు ప్రయాణంలో ఖాళీగా వస్తుందా, బరువు నిండుతుందా – దాని లెక్కంతా ఒక వల. వలలో ఒక్కొక్క కన్నును విడదీసి కొలిస్తే వల బలం తెలియదు.

రెండవది. మిగిలిన 33 సెంట్లను వాళ్లు అమ్మేవాడి బేరశక్తిగా చదివారు. ఆ బేరశక్తి ఎక్కడ పుట్టిందో అడగలేదు. 2011 ఏప్రిల్ 1కి ముందున్న ‘ఫుడ్ మెయిల్’ పథకంలో సబ్సిడీ తపాలా శాఖకు వెళ్లేది. సరుకు వాల్డోర్ లాంటి నిర్ణీత కేంద్రాల నుంచే పైకెగరాలి. కొత్త పథకంలో ఆ సొమ్ము నేరుగా దుకాణదారు చేతికొచ్చింది. ఏ విమాన సంస్థతో ఎంతకు మాట్లాడుకోవాలన్న స్వేచ్ఛ కూడా అతనికే దక్కింది. ఎక్కువ బరువు పంపేవాడికి తక్కువ కిరాయి – లారీ ఆఫీసు గుమాస్తాకు కూడా తెలిసిన సూత్రమిది. ప్రభుత్వం ధర తగ్గించబోయి దారి తాళంచెవి అప్పగించింది. 2014లో కెనడా ఆడిటర్ జనరల్ ఈ పథకాన్ని తప్పుపట్టినప్పుడూ చర్చ మళ్లీ ధర మీదికే మళ్లింది: దుకాణాలు రాయితీని పూర్తిగా వినియోగదారుకు అందిస్తున్నాయో లేదో శాఖ సరిచూడలేదని. ఆ తర్వాత రాయితీ ఎంతో రసీదు మీద అచ్చువేయించారు. కిరాయి ఒప్పందాలను బయటపెట్టమని గట్టిగా అడిగిన పరిశోధకుడు నాకు కనపడలేదు.

కొన్నవి, అమ్మినవి

ఒక సంస్థ వ్యూహం ఏమిటో దాని ప్రకటనల్లో వెతకనక్కర్లేదు. ఏం కొన్నది, ఏం అమ్మింది అన్న వరస చాలు. నా వాదనకు ప్రధాన సాక్ష్యం ఈ వరసే కనుక దీని దగ్గర కాస్త నిలుస్తాను.

1992లో అలాస్కా కమర్షియల్ కంపెనీని కొన్నారు. రోడ్డు లేని అలాస్కా పల్లెలకు అమెరికా తపాలా శాఖ ‘బైపాస్ మెయిల్’ అనే ఏర్పాటు నడుపుతుంది. పచారీ సరుకు అట్టపెట్టెల దొంతరలుగా తపాలా ధరకు విమానమెక్కుతుంది. తపాలా కార్యాలయాన్ని తాకకుండానే దుకాణానికి చేరుతుంది. కొన్నది దుకాణాలే అయినా, ప్రభుత్వం సగం మోసే దారి వాటితోపాటు చేతికొచ్చింది.

2007 చివర కాస్ట్-యు-లెస్ చేతిలోకి వచ్చింది. గువామ్, ఫిజీ, కేమన్ దీవులు, కరీబియన్ దీవుల్లో దుకాణాలు. మంచుప్రాంతపు వర్తకుడికి కొబ్బరిచెట్ల కింద ఏం పని అని అప్పట్లో చాలామంది ఆశ్చర్యపోయారు. దారి లెక్కన చూస్తే ఆశ్చర్యం లేదు. దీవి కూడా గడ్డకట్టని నీళ్ల మధ్య ఉన్న ఉత్తరాదే. సరుకంతా కంటెయినరులో రావాలి, పక్క ఊరికి వెళ్లి కొనుక్కొనే వీలు లేదు. 2017లో బ్రిటిష్ వర్జిన్ దీవుల్లోని రోడ్‌టౌన్ హోల్‌సేల్‌లో పెద్ద వాటా కూడా ఈ వరసలోనిదే. ఆ సెప్టెంబరులో ఇర్మా, మరియా తుపాన్లు ఆ దీవులను చిదిమేసినా కంపెనీ అక్కడి నుంచి వెనుదిరగలేదు. నేడు మొత్తం అమ్మకాల్లో 5లో 2 వంతులు కెనడా బయటివే.

అదే 2017 వేసవిలో థండర్ బే కేంద్రంగా నడిచే నార్త్ స్టార్ ఎయిర్‌ను కొన్నారు. పిండి, పాలు అమ్మేవాడు విమానాలు కొన్నాడు. ఈ ఒక్క సంఘటనతోనే ధర చీటీ పరిశోధన దిశ మారి ఉండాల్సింది. అంతకు ముందే ఓడల్లోనూ కంపెనీకి చెయ్యి ఉంది: ట్రాన్స్‌పోర్ట్ నానుక్‌లో సగం వాటా, దాని ద్వారా తూర్పు ఆర్కిటిక్‌కు సరుకు చేరవేసే నీయాస్ నౌకల్లో భాగం. నునావుట్‌లోని 25 ఊళ్లలో దేనికీ దక్షిణాది నుంచి రోడ్డు లేదు. ఒక ఊరి నుంచి మరో ఊరికీ లేదు. పాడవని సరుకు ఏడాదికి సరిపడా వేసవి ఓడల మీదే రావాలి. ఆ ఓడలో భాగం ఉన్నవాడికి ఆ ఊరి గోదాము తాళం సగం ఉన్నట్టే.

ఇక అమ్మినది. పశ్చిమ కెనడా పట్టణాల్లో జెయింట్ టైగర్ పేరిట నడిపిన 46 దుకాణాల్లో 34ను 2020లో తిరిగి ఆ పేరు సొంతదారైన జెయింట్ టైగర్ సంస్థకే అమ్మేశారు. ఉత్తరాదిలో ఉన్న కొద్దిపాటి వాటినే ఉంచుకున్నారు. ఆ పట్టణాల్లో రోడ్డుంది, వాల్‌మార్టుంది, కొనేవాడికి కారుంది. అమ్మేవాళ్లు అదే సంస్థవాళ్లు, పద్ధతులూ దాదాపు అవే. దారి మాత్రం అందరిది. అందుకే అక్కడ నిలవడం దండగ అనిపించింది. దారి ఉన్నచోట వదులుకోవడం, దారి లేనిచోట కొనుక్కోవడం: 1992 నుంచి 2020 దాకా ఈ సంస్థ వేసిన పెద్ద అడుగులన్నీ ఈ ఒక్క వాక్యంలో ఇముడుతాయి. 1997 నుంచి 2021 దాకా పగ్గాలు పట్టిన ఎడ్వర్డ్ కెనడీ హయాం సారం ఇదే. ఆ తర్వాత వచ్చిన డాన్ మెకానెల్ ‘నెక్స్ట్ 100’ పేరిట చేపట్టిన ప్రణాళిక ఈ పునాది మీద కట్టిన పై అంతస్తే.

సొమ్ము నడిచే దారి

సరుకు దారి ఒక ఎత్తు, సొమ్ము దారి మరో ఎత్తు. బొచ్చు వ్యాపారం కాలంలో వేటగాడి పద్దు ఎలా నడిచేదో, కరువు రోజుల్లో కంపెనీ ఎలా ఆదుకునేదో, ఆ భారం తర్వాత ప్రభుత్వం మీదికి ఎలా మళ్లిందో చరిత్రకారుడు ఆర్థర్ రే 1990 నాటి గ్రంథంలో సవివరంగా చూపాడు. ఆయన ఆగిన చోటు నుంచి ఒక అడుగు ముందుకు వేయాలి. 1945లో కెనడా కుటుంబ భృతి మొదలైనప్పుడు దేశమంతటా తల్లుల చేతికి చెక్కులు వెళ్లాయి. ఇన్యూట్ కుటుంబాలకు మాత్రం చాలా చోట్ల ఆ భృతి సరుకు రూపంలో, వర్తక కేంద్రం పద్దులో జమ అయ్యేది. ఏం తీసుకోవాలో కూడా జాబితా ఉండేది. ప్రభుత్వ సొమ్ము ఇంటికి చేరేముందు దుకాణం గుమ్మం తొక్కాలన్న నియమం ఆనాడే స్థిరపడింది.

ఎనభై ఏళ్లలో కాగితాలు మారాయి, గుమ్మం మారలేదు. నునావుట్‌లో ‘ఇన్యూట్ చైల్డ్ ఫస్ట్’ కార్యక్రమం కింద పిల్లవాడికి నెలకు 500 డాలర్ల ఆహార వోచర్లు ఇచ్చారు, చంటిపిల్లలకు మరికొంత కలిపి. అవి ఖర్చయ్యేది ఊళ్లో ఉన్న ఒకటి రెండు దుకాణాల్లోనే. 2025 మార్చి ఆఖరుకు ఆ వోచర్లు ఆగిపోయినప్పుడు ఇళ్లలో గుబులు పుట్టింది. కంపెనీ అమ్మకాలను అంచనా వేసేవాళ్లకూ అదే ప్రశ్న ఎదురైంది. అలాస్కాలో ఏటా పంచే శాశ్వత నిధి డివిడెండు 2022లో మనిషికి 3,284 డాలర్లు. అలాంటి ఏడాది పల్లె దుకాణానికి అదే పండగ. ఫస్ట్ నేషన్స్ పిల్లల సంక్షేమంలో జరిగిన అన్యాయానికి 2023లో కోర్టు ఆమోదించిన పరిహారం 2,300 కోట్ల డాలర్లకు పైమాటే. తాగునీటి కేసు ఒప్పందం మరో 800 కోట్లు. శతాబ్దాల గాయాలకు దక్కిన ఆ సొమ్ములో ఎంత భాగం ఊరి దుకాణానికి చేరుతుందని మదుపరులు లెక్కలు కట్టుకుంటున్నారు. ఈ వాక్యం రాస్తుంటే చెయ్యి బరువెక్కుతోంది.

దారి మూసిన ఏడాది

ఈ వాదనకు ప్రకృతే ఒక పరీక్ష పెట్టింది. 2020లో కొవిడ్ కారణంగా ఉత్తరాది ఊళ్లు రాకపోకలు ఆపేసుకున్నాయి. విన్నిపెగ్‌కో ఎడ్మంటన్‌కో వెళ్లినప్పుడు కావలసినవన్నీ కొని తెచ్చుకునే అలవాటు ఆగిపోయింది. అదే సమయంలో కేంద్రం నెలకు 2,000 డాలర్ల చొప్పున అత్యవసర భృతి పంచింది. సరుకు దారిలో ఒక్క వాకిలే తెరిచి ఉంది, సొమ్ము దారి వెడల్పయింది. ఫలితం: 2019 ఆర్థిక సంవత్సరంలో 209 కోట్ల డాలర్లున్న అమ్మకాలు 34 పట్టణ దుకాణాలు వదులుకున్నాక కూడా 236 కోట్లకు చేరాయి. సుమారు 8.6 కోట్లున్న నికర లాభం 14 కోట్లు దాటింది. జెయింట్ టైగర్ అమ్మకం లెక్కలు కూడా ఆ ఏడాదిలో కలిశాయన్నది నిజమే. అయినా ఇంత పెద్ద గెంతుకు దారి తప్ప మరో పేరు పెట్టలేను.

2024 చలికాలం ఇదే సంగతిని వెనక నుంచి చెప్పింది. మంచు నిలవక చలికాలపు దారులు తయారుకాకపోవడంతో ఉత్తర అంటారియోలోని నిష్నాబే అస్కి నేషన్ నాయకులు ఫిబ్రవరిలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. లారీ ఆగితే విమానమే మిగులుతుంది. విమానం ఉన్నవాడే మిగులుతాడు. నేను వెళ్లిన పల్లెలో జనం మంచు మందం గురించి ఎందుకు మాట్లాడుకున్నారో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. భూమి వేడెక్కేకొద్దీ దారి లాభం పెరుగుతుందే గాని తరగదు.

ఎదురు వాదనలు, మన ఏజెన్సీ

ఆర్కిటిక్ కో-ఆపరేటివ్స్ సభ్య సంఘాలున్న ఊళ్లలో రాయితీ జనానికి మెరుగ్గా అందుతోందనీ, కాబట్టి దారి ఒకటే అయినా దుకాణాల పోటీకి బలం ఉందనీ లీ, గాలొవేల పక్షాన ఎవరైనా అనవచ్చు. అయితే ఆ సహకార సమాఖ్యకు కూడా నునావుట్ సీలింక్ ఓడల్లో పెద్ద వాటా ఉందని మరవకూడదు; అక్కడ పోటీ పడుతున్నది రెండు దుకాణాలు కావు, రెండు దారులు. ఇకాలూట్ వాసులు అమెజాన్ ద్వారా తెప్పించుకునే పెట్టెల మాట – అది రాజధానికి దక్కిన సౌకర్యం, మిగతా 24 ఊళ్ల కథ కాదు.

ఈ విషయం తెలుగు పాఠకుడికి దూరమనిపించవచ్చు. పాడేరు, చింతపల్లి, భద్రాచలం ఏజెన్సీల్లో తిరిగినవారికి అనిపించదు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఒక చేత్తో చింతపండు, తేనె, జిగురు కొంటూ మరో చేత్తో డీఆర్ డిపోల్లో బియ్యం, ఉప్పు, కిరోసిన్ అమ్ముతూ వచ్చింది. బొచ్చు కొని పిండి అమ్మిన హడ్సన్స్ బే కేంద్రం కూర్పు కూడా ఇదే. శావుకారు పట్టు నుంచి గిరిజనుడిని విడిపించాలని పెట్టిన సంస్థ అది. కొనుగోలు ధర నిర్ణయించింది, అటవీ ఉత్పత్తుల వ్యాపారం మీద 1979లో ఏకైక హక్కు కూడా పొందింది. కొండకు దారి మాత్రం దాని చేతిలో లేదు. గర్భిణిని డోలీలో మోసుకొచ్చే చోట ఉప్పు బస్తాను కూడా ఎవరో ఒకరు మోయాల్సిందే. ఆ మోసేవాడి లెక్కలోనే శావుకారు మళ్లీ కొండెక్కాడు.

కాబట్టి మారుమూల వ్యాపారాన్ని సరిచేయాలంటే ధర మీద చూపు పెడితే సరిపోదు. కిరాయి ఒప్పందాలు బహిరంగం కావాలి. రాయితీ దుకాణానికి కాక ఎవరి సరుకునైనా ఒకే కిరాయికి మోసే విమానానికి, ఓడకు, లారీకి పోవాలి. పిల్లల పేరున వచ్చే సొమ్ము దుకాణం పద్దు తొక్కకుండా నేరుగా తల్లి చేతికి చేరాలి. ఇవి జరగనంత కాలం రసీదు మీద రాయితీని ఎంత పెద్ద అక్షరాలతో అచ్చువేసినా ఫలితం ఉండదు.

ఆ ఫిబ్రవరిలో నా నోటుపుస్తకం నిండా ధరలు రాసుకుని వచ్చాను. ఇప్పుడు తెరిచి చూస్తే పనికొచ్చే వాక్యం ఒక్కటే, అదీ పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకున్నది: ‘సరస్సు మీద మంచు ఎంత?’ ఈ ప్రశ్న అడిగినవాళ్లకు తమ దుకాణం లాభనష్టాల చిట్టా ఎవరూ చూపించలేదు. చూపించకపోయినా దాని మొదటి పద్దు వాళ్లకు ముందే తెలుసు.